ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, సీటీలో మూడు పక్కటెముకలు విరిగి ఉన్నాయి: ఇదెలా సాధ్యం?

మీరు అడిగింది ఇదీ. అమ్మగారికి 74 ఏళ్లు, విజయవాడలో మీ అన్నయ్య వాళ్ల దగ్గర ఉంటారు. నెల కిందట ఎడమ పక్క నొప్పి అంటే ఎక్స్‌రే తీసి, ఏమీ లేదని చెప్పి గ్యాస్ మాత్రలు, నొప్పి మాత్రలు ఇచ్చి పంపారు. ఇప్పుడు తగ్గని దగ్గు కోసం ఛాతీకి సీటీ తీస్తే ఎడమవైపు 6, 7, 8 పక్కటెముకలు విరిగి మానుతున్నట్టు వచ్చింది. పడినట్టు ఆమెకు గుర్తు లేదు. పడకుండా మూడు ఎముకలు ఎలా విరుగుతాయి, మొదట చూసిన డాక్టర్ తప్పు చేశారా, ఇంట్లో వాళ్లు ఏమైనా దాస్తున్నారా, రెండు నెలల్లో ఆమెను అమెరికా తీసుకెళ్లొచ్చా అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెబుతాను. ఎముకలు గుల్లబారినవాళ్లకు పడకుండానే పక్కటెముకలు విరుగుతాయి. చాలామందికి విరిగిన సంగతి తెలియకుండానే మానిపోతాయి కూడా. ఆ మూడు ఎముకలకు ఇప్పుడు ప్రత్యేకంగా చేయాల్సింది పెద్దగా లేదు. అవి ఎందుకు విరిగాయో తేల్చకుండా వదిలేస్తే మాత్రం తర్వాత విరిగేది తుంటి కావచ్చు. నేను జిల్లా కేంద్రంలో ఎముకల డాక్టర్‌ని. తుంటి విరిగి చేరిన పెద్దవాళ్ల పాత ఫిల్ములు తిరగేస్తే, ఎప్పుడో విరిగి మానిన పక్కటెముకో కుంగిన వెన్నుపూసో కనిపించడం మాకు మామూలే. అప్పట్లో దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకుని ఉండరు.

ముందు మీ అన్నయ్యను ఒక్క విషయం అడగండి: నొప్పి ముందా, దగ్గు ముందా? మీరు దగ్గును సీటీ తీయడానికి కారణంగానే రాశారు. నాకు మాత్రం అసలు దోషి అదే అనిపిస్తోంది. గట్టిగా దగ్గినప్పుడు పక్కటెముకలను భుజం వైపు కండరాలు పైకి, పొట్ట కండరాలు కిందికి లాగుతాయి. ఈ రెండు లాగుళ్ల మధ్య పడి వంగేవి ఎక్కువగా 5 నుంచి 9 దాకా ఉన్న ఎముకలు, అదీ పక్క భాగంలో. గట్టి ఎముక రోజుకు వందసార్లు అలా వంగినా తట్టుకుంటుంది. గుల్లబారిన ఎముకకు సన్నని పగులు మొదలై, దగ్గుతున్న కొద్దీ పెరుగుతుంది. వరసగా ఉన్న మూడు ఎముకలు, ఒకే వైపు, పడిన గుర్తు లేదు, దగ్గు ఆగడం లేదు అంటే లెక్క సరిపోతోంది. ఆమెను చూడకుండా ఇంతకన్నా గట్టిగా చెప్పలేను.

అందుకే దగ్గుకు కారణం వెతకడం కూడా ఎముకల వైద్యంలో భాగమే. ఆస్తమా, టీబీ, గుండె సమస్య చూడాలి, సీటీలో ఊపిరితిత్తుల గురించి ఏం రాశారో చదివించాలి. ఆమె వేసుకునే బీపీ మాత్ర పేరు కూడా చూడండి. రామిప్రిల్, ఎనాలాప్రిల్ లాంటివి కొందరికి నెలల తరబడి పొడి దగ్గు తెస్తాయి. అదే అయితే డాక్టర్ మాత్ర మార్చిన కొన్ని వారాల్లో దగ్గు తగ్గుతుంది. మీ అంతట మీరు ఆపేయకండి, బీపీ పెరిగితే అదొక కొత్త తలనొప్పి.

దగ్గు కాకపోయినా విరగడానికి చాలా దారులున్నాయి. నీళ్ల డ్రమ్ములో అడుగున ఉన్న నీళ్లు ముంచడానికి అంచు మీద ఛాతీ ఆనించి వంగిన ఒక పెద్దావిడకు కుడి వైపు రెండు విరిగాయి. బోర్లా పడుకోబెట్టి నూనెతో వీపు తొక్కించుకున్న మరొకాయన, ఒళ్లు నొప్పులు పోతాయనుకుని వెళ్లి కొత్త నొప్పితో వచ్చారు. మంచం మీద నుంచి పట్టి లేపేటప్పుడు చంకల కింద గట్టిగా పట్టుకోవడం కూడా చాలు. ఇవేవీ ‘దెబ్బ తగిలింది’ అని మనిషి గుర్తు పెట్టుకునేవి కావు. అందుకే ‘ఎక్కడైనా పడ్డారా?’ అని అడిగితే నిజాయితీగానే ‘లేదు బాబూ’ అంటారు. నేను అలా అడగడం మానేసి, నొప్పి మొదలైన వారంలో ఏం మోశారు, ఎక్కడ వంగారు, ఎవరు లేపారు అని అడుగుతుంటాను.

ఇక తెలియకపోవడం సంగతి. చేయి విరిగితే వంకర పోతుంది, కాలు విరిగితే అడుగు పడదు. పక్కటెముకకు అటూ ఇటూ కండరాలు, పైనా కిందా తోటి ఎముకలు ఉండటంతో విరిగినా చోటు కదలదు. వాపు కూడా ఉండకపోవచ్చు. మిగిలేది పక్కకు తిరిగితే, దగ్గితే, తుమ్మితే, మంచం మీద నుంచి లేస్తే కలుక్కుమనే నొప్పి ఒక్కటే. దాన్ని మన ఇళ్లలో ‘పట్టేసింది’ అంటారు, లేదా గ్యాస్ అంటారు. ఉప్పు కాపడం, బామ్, ఒక నొప్పి మాత్ర. మూడు వారాలకు ఎలాగూ తగ్గుతుంది కాబట్టి కాపడమే తగ్గించిందనుకుంటారు. మోకాళ్లకు రోజూ నొప్పి మాత్ర మింగేవాళ్లకైతే ఈ నొప్పి సగం అందులోనే కలిసిపోతుంది. మతిమరుపు ఉన్నవాళ్లు చెప్పలేరు. అన్నం తగ్గించడం, స్నానానికి విసుక్కోవడం, ఒక పక్కకే పడుకోవడం తప్ప ఇంకే గుర్తూ ఉండదు. ఇంకా ఒకటుంది, మీ అమ్మగారి తరం ఆడవాళ్లు కొడుకు కోడళ్లకు పని పెట్టకూడదని నొప్పిని చాలా తగ్గించి చెబుతారు. ఇది పుస్తకాల్లో ఉండదు, ఓపీలో రోజూ కనిపిస్తుంది.

ఇది ఆడవాళ్ల జబ్బేనని మగవాళ్ల నొప్పిని కొట్టిపారేయడం కూడా చూస్తుంటాను. అమెరికాలో 65 దాటిన దాదాపు 6 వేల మంది మగవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది. వెన్నుపూసలు కాక మిగతా విరిగిన ఎముకల్లో నాలుగో వంతు దాకా పక్కటెముకలే. వాటిలో సగానికి దగ్గరగా, నిలబడిన ఎత్తు నుంచో అంతకన్నా తక్కువ ఎత్తు నుంచో పడినందుకు విరిగినవే. అంతకు ముందు పక్కటెముక విరిగినవాళ్లకు తుంటి, మణికట్టు, మళ్లీ పక్కటెముక విరిగే ముప్పు దాదాపు రెట్టింపు కనిపించింది. మీ నాన్నగారు ఉంటే ఆయన సంగతీ చూడండి.

మొదటి డాక్టర్ తప్పు చేశారా? నాకు అలా అనిపించడం లేదు. మామూలు ఛాతీ ఎక్స్‌రేలో విరిగిన పక్కటెముకలు సగం దాకా కనిపించకుండా పోతాయి. ఎముకలు వంపుగా చుట్టుకుని ఉంటాయి. గుండె, కాలేయం, డయాఫ్రం నీడలు కింది ఎముకలను కప్పేస్తాయి. కదలని సన్నని పగులు, ఫిల్ము తీసిన కోణానికి సరిగ్గా అందకపోతే అసలు తెలియదు. ముందు భాగంలోని మృదులాస్థి విరిగితే ఎక్స్‌రేలో కనపడనే పడదు, అల్ట్రాసౌండ్‌లో కనపడొచ్చు. రెండు మూడు వారాలు పోయాక విరిగిన చోట కొత్త ఎముక ఉబ్బుగా పేరుకుంటుంది కాబట్టి అప్పుడు అదే ఎక్స్‌రేలో దొరుకుతుంది. అయినా మొదటి రోజు ఎక్స్‌రే తీసేది పగులు లెక్కపెట్టడానికి కాదు. ఊపిరితిత్తి చుట్టూ గాలి, రక్తం చేరాయా, నిమ్ము ఉందా అని చూడటానికి. ఆ పని అది బాగానే చేస్తుంది. పక్క నొప్పి అన్న ప్రతివాళ్లకూ సీటీ తీయడం నేను సమర్థించను, ఎందుకంటే చాలామందికి దానివల్ల వైద్యం మారదు. నాకు అసంతృప్తి కలిగించేది ‘ఎక్స్‌రేలో ఏమీ లేదు’ అన్న మాట ‘ఏమీ కాలేదు’గా మారిపోవడం. 70 దాటిన మనిషికి ఒకే చోట వేలు పెడితే నొప్పి, ఊపిరి పీలిస్తే నొప్పి అంటే ఎక్స్‌రే బాగున్నా విరిగిందనుకునే వైద్యం మొదలుపెట్టాలి.

ఇంట్లో వాళ్ల మీద అనుమానం గురించి. దూరంలో ఉన్నవాళ్లకు ఈ ఆలోచన రావడం సహజం, అడిగినందుకు సిగ్గుపడక్కర్లేదు. మీరు రాసిన వివరాల్లో మాత్రం నాకు అలాంటి సూచన లేదు. ఇలాంటి రిపోర్టు చేతికొచ్చి అన్నదమ్ముల మధ్య మాటలు పోయిన ఇళ్లు చూశాను. చివరికి తేలింది దగ్గో, డ్రమ్మో. శరీరం మీద వేర్వేరు రంగుల్లో కమిలిన మచ్చలు, ఒకరిని చూడగానే భయపడటం, ఎవరో ఒకరు ఆమెను ఒంటరిగా మాట్లాడనివ్వకపోవడం, విరిగినవి కొన్ని పాతవీ కొన్ని కొత్తవీ, అదీ వీపు వైపు ఎముకలు, ఇలాంటివి ఉంటే అప్పుడు డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడించండి. లేకపోతే అన్నయ్యకు ఫోన్ చేసి ‘అమ్మ ఎముకలు గుల్లబారాయట, ఏం చేద్దాం?’ అని మొదలుపెట్టండి.

ఇప్పుడు చేయాల్సిన పని. నొప్పి ఇంకా ఉంటే పారాసెటమాల్ 650 మిల్లీగ్రాములది రోజుకు మూడు సార్లు, నొప్పి వచ్చినప్పుడు కాకుండా వేళకు వేసుకోవడం పెద్దవాళ్లకు మొదటి మందు. కాలేయ సమస్య ఉంటే, మనిషి బాగా బక్కగా ఉంటే మోతాదు తగ్గించాలి. జలుబు మాత్రల్లోనూ ఇదే మందు ఉంటుంది, రెండూ కలిపి వేయకండి. మందుల షాపులో చేతికిచ్చే డైక్లోఫెనాక్ లాంటివి ఆ వయసులో, బీపీ, షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు నేను ఇవ్వను. ట్రామడాల్ కొద్ది రోజులకు పనికొస్తుంది కానీ తల తిరిగి పడిపోతే మొదటికే మోసం, మలబద్ధకం ఎలాగూ తప్పదు.

ఛాతీ చుట్టూ బెల్టు, కట్టు వద్దు. పుత్తూరు కట్టు కట్టించమంటారా అని చాలామంది అడుగుతారు. చేయి, కాలు సంగతి వేరే చర్చ. ఛాతీని బిగిస్తే ఊపిరి లోతుగా అందదు, కఫం అడుగున పేరుకుపోతుంది, నిమ్ము చేస్తుంది. పక్కటెముకలు విరిగిన పెద్దవాళ్ల ప్రాణం మీదికి ఎక్కువగా తెచ్చేది ఆ నిమ్మే. సియాటిల్‌లోని ట్రామా సెంటర్ వాళ్లు 2000లో ప్రచురించిన లెక్క ప్రకారం, 65 దాటినవాళ్లలో విరిగిన ఒక్కో అదనపు పక్కటెముకకు నిమ్ము ముప్పు 27 శాతం, మరణం ముప్పు 19 శాతం పెరిగాయి. అవి దెబ్బలు తగిలి ఆస్పత్రిలో చేరిన కేసులు. నెల గడిచి మానుతున్న మీ అమ్మగారికి ఆ అంకెలు అలాగే అంటగట్టకూడదు, భయపడకండి. కానీ నొప్పి తగ్గించడం అంటే సుఖం కోసమే అనుకునేవాళ్లకు ఇది చెప్పాలి. నొప్పి తగ్గితేనే ఆమె లోతుగా ఊపిరి తీసుకుంటుంది, దగ్గి కఫం బయటికి పంపుతుంది.

లోతుగా ఊపిరి తీయించే మూడు బంతుల స్పైరోమీటర్ ఇచ్చి పంపితే సగం మంది బుడగ ఊదినట్టు అందులోకి ఊదుతారు. ఊదేది కాదు, గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీల్చాలి, బంతి పైకి లేచాక రెండు మూడు సెకన్లు ఆపాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు. దగ్గు వస్తే దిండును నొప్పి ఉన్న పక్కకు గట్టిగా హత్తుకుని దగ్గమనండి. పగలు మంచానికి అతుక్కుపోకుండా కూర్చోబెట్టండి, నడిపించండి. మామూలుగా ఆరు వారాలకు ఎముక బాగా అతుక్కుంటుంది, కొందరికి నొప్పి మూడు నెలల దాకా అప్పుడప్పుడూ పలకరిస్తుంది.

కింద చెప్పేవి ఉంటే ఆన్‌లైన్ సలహాలు పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి: జ్వరం, కూర్చున్నా ఆయాసం, వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో 94 కన్నా తక్కువ, కఫంలో రక్తం, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం. నొప్పి చేతికి, దవడకు పాకినా, చెమటలు పట్టినా ముందు ఈసీజీ. ఎడమ వైపు అట్టడుగు ఎముకల కింద ప్లీహం, కుడి వైపు కాలేయం ఉంటాయి కాబట్టి అక్కడ దెబ్బ తగిలి కళ్లు తిరుగుతుంటే ఆగకూడదు. ఎసిట్రోమ్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు ఛాతీలో రక్తం కొన్ని రోజులు ఆలస్యంగా కూడా చేరొచ్చు. పక్కన పట్టీలా మంట నొప్పి వచ్చి నాలుగైదు రోజులకు పొక్కులు లేస్తే అది ఎముక విరగడం కాదు, వైరస్ వల్ల వచ్చే హెర్పిస్ జోస్టర్.

అసలు విషయానికి వస్తాను, ఎముకలు. పక్కటెముకలు అంత సులువుగా విరిగాయంటే వెన్నుపూసలను తప్పక చూడాలి. వెన్నుపూస కుంగిన నొప్పి కూడా నరాల వెంట పక్కలకు పాకి పక్కటెముకల నొప్పిలాగే ఉంటుంది. కుంగిన వెన్నుపూసల్లో మూడింట ఒక వంతే డాక్టర్ దాకా వస్తాయి. మంచి సంగతి ఏమిటంటే మీ దగ్గర సీటీ ఉంది. కొత్త పరీక్ష అవసరం లేకుండా అదే సీటీలో ఛాతీ వెన్నుపూసల ఎత్తు చూడమని రేడియాలజిస్ట్‌ను అడగండి. ఊపిరితిత్తుల కోసం తీసిన సీటీలో వెన్ను గురించి రాయకుండా వదిలేయడం తరచూ జరుగుతుంది. నడుము వెన్నుకు పక్క నుంచి ఎక్స్‌రే ఒకటి చాలు. ఇంట్లో ఇంకో పని చేయొచ్చు. ఆమెను గోడకు మడమలు, వీపు ఆనించి నిలబెట్టండి. తల వెనక భాగం గోడకు తగలకపోతే, లేదా వయసులో ఉన్నప్పటి ఎత్తు కన్నా 4 సెంటీమీటర్లకు మించి తగ్గితే, వెన్నుపూసలు కుంగి ఉండే అవకాశం బాగా ఉంది. చీర కుచ్చెళ్లు ఈ మధ్య నేలకు రాస్తున్నాయా అని అడిగితే చాలామంది ఆడవాళ్లు వెంటనే అవునంటారు.

ఎముక సాంద్రతకు డెక్సా పరీక్ష, తుంటికీ నడుముకూ. అందులో వచ్చే అంకె (టి-స్కోర్) మైనస్ 2.5, అంతకన్నా తక్కువ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన గీత. ఉచిత క్యాంపుల్లో మడమకు పెట్టి చూసే పరీక్షతో మందులు మొదలుపెట్టకండి. నడుము అరిగిన పెద్దవాళ్లకు అక్కడి అంకె నిజం కన్నా బాగా కనిపిస్తుంది, తుంటి అంకెను నమ్మండి. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట రికార్డు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఆ పక్క ప్రకాశం పల్లెల్లోనో, నల్గొండ వైపో ఫ్లోరైడ్ నీళ్లు దశాబ్దాలు తాగినవాళ్ల ఎముక పరీక్షలో దట్టంగా కనిపిస్తూనే పెళుసుగా ఉండొచ్చు. మీ అమ్మగారి పుట్టిల్లు అటు అయితే డాక్టర్‌కు చెప్పండి.

రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, క్రియాటినిన్, థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఈఎస్‌ఆర్ చూడాలి. వీటిలో తేడా ఉంటే మల్టిపుల్ మైలోమా పరీక్ష కూడా చేస్తాం, అది ఎముకలను తినేసే రక్త క్యాన్సర్. ఈ పేరు చూసి కంగారు పడకండి. ఎక్కువమందికి అది ఉండదు, ఉన్న కొద్దిమందిలో వదిలేయకూడదు. నా దగ్గరికి రొమ్ము క్యాన్సర్ తగ్గిన ఒకావిడ బోన్ స్కాన్‌లో పక్కటెముకల మీద చుక్కలున్నాయని, క్యాన్సర్ పాకిందేమోనని ఇల్లంతా వణికిపోతూ వచ్చారు. వరసగా ఉన్న ఎముకల్లో ఒకే గీత మీద చుక్కలు పేర్చినట్టు ఉంటే అవి చాలావరకు ఎముక విరిగిన గుర్తులే. సీటీతో సరిపోల్చి అదే తేలింది. ఆస్తమాకో కీళ్లకో స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి వాడారా అన్నది కూడా కనుక్కోండి. ఎముకలను గుల్ల చేసే మందుల్లో అదే ముందుంటుంది.

కాల్షియం, విటమిన్ డి మాత్రమే ఇచ్చి పంపితే అది సగం వైద్యం. 50 దాటిన ఆడవాళ్లకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలు, పెరుగు, రాగి జావ నుంచి ఎంత వస్తే అంత, తక్కువపడింది మాత్రలతో. విటమిన్ డి లోపం ఉంటే 60 వేల యూనిట్ల గుళిక వారానికి ఒకటి, సాధారణంగా ఎనిమిది వారాలు. దీన్ని రోజుకొకటి మింగి వాంతులు, తికమకతో వచ్చినవాళ్లున్నారు. లక్షల యూనిట్ల ఇంజెక్షన్ ఒకేసారి వేయించడం కూడా మంచిది కాదు. ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూసిన ఆస్ట్రేలియా పరిశోధనలో (2010) పడిపోవడాలు, విరగడాలు రెండూ పెరిగాయి.

ఎముకను గట్టిపరిచే మందు వేరే ఉంటుంది. వారానికోసారి అలెండ్రోనేట్ మాత్ర, ఏడాదికోసారి సెలైన్‌లో జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు, ఆరు నెలలకోసారి డెనోసుమాబ్, బాగా కుంగినవాళ్లకు రోజూ వేసుకునే టెరిపారటైడ్. జోలెడ్రోనిక్ యాసిడ్ మీద 2007లో వచ్చిన పెద్ద పరిశోధనలో మూడేళ్లలో వెన్నుపూస విరగడం 70 శాతం, తుంటి విరగడం 41 శాతం తగ్గాయి. కిడ్నీ బాగా పని చేయనివాళ్లకు అది పనికిరాదు. పన్ను పీకించేది ఉంటే ముందే పూర్తి చేయించండి.

చివరిగా మీ ప్రయాణం. సీటీలో ఊపిరితిత్తి చుట్టూ గాలి లేదని రాసి ఉండి, ఆయాసం లేకపోతే, రెండు నెలలకు విమానం ఎక్కడానికి ఈ ఎముకలు అడ్డు కాదు. వీల్‌చైర్ ముందే బుక్ చేయండి, పెట్టె పైన పెట్టడం, దించడం ఆమె చేయకూడదు. మందు ఎంచుకునేటప్పుడు మాత్రం ఆమె ఎన్నాళ్లు అక్కడ ఉంటారో డాక్టర్‌కు చెప్పండి. డెనోసుమాబ్ మొదలుపెట్టి రెండో ఇంజెక్షన్ వేళకు వేయించకపోతే ఎముక వేగంగా కరిగి వెన్నుపూసలు వరసగా కుంగే ప్రమాదం ఉంది. ఆరు నెలలు ఉండటానికి వచ్చిన తల్లిదండ్రులకు సరిగ్గా తిరుగు ప్రయాణం సమయంలో ఆ తేదీ పడుతుంది, అక్కడ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బుల మందులు చాలావరకు రావు. కిడ్నీ పరీక్ష అనుమతిస్తే ఆమెకు ఏడాదికోసారి వేసేదే వీలుగా ఉంటుంది. విటమిన్ డి సరిచేశాక, విమానానికి కనీసం వారం పది రోజుల ముందు విజయవాడలోనే వేయించండి. మొదటిసారి వేసినప్పుడు రెండు మూడు రోజులు ఒళ్లు నొప్పులు, జ్వరం రావడం మామూలు, అది ప్రయాణంలో రాకుండా ఉంటుంది. వచ్చేటప్పుడు సీటీ సీడీ, డెక్సా రిపోర్టు, ఇంజెక్షన్ వేసిన తేదీ ఉన్న చీటీ ఆమె హ్యాండ్ బ్యాగులోనే పెట్టమనండి.